గ్రాడ్యుయేషన్‌లో పేర్లు చదవాలి: వియత్నాం, చైనా, ఐరిష్ పేర్లు పలికేదెలా?

డల్లాస్_గోంగూర:
మే నెలలో అమెరికాలో మా డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేషన్. స్టేజీ మీద పేర్లు చదివే పని నాది. 180 మంది. వియత్నాం, చైనా పేర్లు ఎక్కువ, ఐరిష్‌వి కొన్ని, మనవాళ్లు సరేసరి. స్పెల్లింగ్ చూసి చదివితే పరువు పోయేలా ఉంది. ఎలా సిద్ధమవ్వాలి?

ఒత్తులు_దీర్ఘాలు:
ప్రతి పేరు పక్కన తెలుగులో రాసుకోండి. ఇంగ్లిష్‌కి లేని సదుపాయం మనకుంది. వియత్నాంలో చాలామందికి ఉండే ఆ "నుయెన్" ఇంటిపేరు అసలు మొదలయ్యేది ఙ తో. "గంగ" అనబోయి రెండో గ ముందు ఆగండి, నాలుక అక్కడున్నప్పుడే "ఙ్వియెన్" అని ఒక్క గుక్కలో అనేయాలి. అమెరికాలో పుట్టిన పిల్లలు కొందరు "విన్" అనే చెప్పుకుంటారు. అప్పుడు అదే చదవాలి, మనం దిద్దకూడదు.

చైనా పేర్లని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్. అందులో క్యూ అంటే చిలకలో చ. ఎక్స్ అంటే శివలో శ. సీ అంటే చాపలో చ, జడ్ అంటే జడలో జ. హాంకాంగ్ పేర్లకి ఈ లెక్క పనిచేయదు, వాళ్ల స్పెల్లింగ్ వేరు.

ఐరిష్‌లో బీహెచ్, ఎంహెచ్ రెండూ చాలాచోట్ల "వ". అందుకే ఎంహెచ్‌తో ముగిసే ఆ పేరు నియామ్ కాదు, నీవ్. బీహెచ్ ఉన్న ఇంకోటి షివాన్.

మైకు_ముందు:
ఊహించడం కంటే అడగడం మేలు. రెండు వారాల ముందే 180 మందికీ ఒకే మెయిల్ పెట్టండి, పేరు పలికి పంపమనండి. కష్టంగా కనిపించిన పేర్లవాళ్లకే పెడితే వేరుచేసినట్టు ఉంటుంది. లింక్డిన్ ప్రొఫైల్లో 10 సెకన్ల రికార్డింగ్ ఉంటే అదీ వినండి. మైకు దగ్గర "ఈ పేరు కష్టమండీ, క్షమించాలి" లాంటివి మాత్రం వద్దు. అక్కడ పడే నవ్వు ఆ పిల్లాడి మీదే పడుతుంది.

మన పేర్లనీ తేలిగ్గా తీసుకోకండి. లలితని మనం టీహెచ్‌తో రాస్తాం, ఉత్తరాదివాళ్లు ఉత్త టీతో. రెండూ "త"యే. కమలలో ఊనిక మొదటి అక్షరం మీద, "కమాలా" కాదు.

డల్లాస్_గోంగూర:
థాంక్సండీ. లిస్టులో ముగ్గురికి మొదటి పేరు ఎఫ్‌ఎన్‌యూ అని ఉంది. అదెలా పలకాలి?

మైకు_ముందు:
పలకకండి! పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదన్నట్టు ఆ మూడక్షరాలు వేస్తారు. యూనివర్సిటీ రికార్డులోకీ అదే ఎక్కుతుంది. కొట్టేసి మిగిలింది చదవండి. అందులో ఇంటిపేరు ముందుందో వెనకుందో మాత్రం వాళ్లనే అడగాలి.