ఫిజీలో ఏడాదిపాటు వాలంటీరుగా: సాయంత్రాలు, ఆదివారాలు, సెలవు ప్రయాణాలు ఎలా ఉంటాయి?

ప్రశ్న (తీరవాసి):

వచ్చే జనవరిలో ఫిజీలోని వనువా లేవు దీవికి, లంబాసా పట్టణానికి కొంత దూరంలో ఉన్న ఒక గ్రామ పాఠశాలలో వాలంటీరుగా పనిచేయడానికి వెళ్తున్నాను. బడిలో ఏం చేయాలో సంస్థవారు వివరంగానే చెప్పారు కానీ, బడి వదిలిన తరువాత పొద్దు ఎలా గడుస్తుందో ఎవరూ చెప్పడం లేదు. నేను కాకినాడలో పెరిగాను, శాకాహారిని. వాళ్లిచ్చే భృతి తిండికీ బస్సు చార్జీలకూ సరిపోతుందట. ఊరివాళ్లతో కలిసిపోవడం ఎలా? అక్కడివాళ్లు కలిసి కూర్చొని తాగే వేరు పానీయం యంగోనా (కావా) తాగనంటే తప్పు పడతారా? సెలవుల్లో తవేవుని దీవికి తక్కువ ఖర్చుతో వెళ్లే దారి ఉందా? అక్కడ తెలుగువారు ఉన్నారన్న మాట నిజమేనా?

జవాబు 1 (పాత పంతులమ్మ):

అదే దీవిలో, దక్షిణ తీరాన పనిచేసి వచ్చినదాన్ని కనుక కాస్త విపులంగా రాస్తున్నాను. మీరు ఊళ్లో అడుగుపెట్టగానే జరిగేది సెవుసెవు. ఎండిన యంగోనా వేళ్ల కట్ట ఒకటి, సాధారణంగా అరకిలో, లంబాసా మార్కెట్టులో కొనుక్కొని, ఊరి వ్యవహారాలు చూసే తురంగ నీ కోరో వెంట పెద్దల దగ్గరకు వెళ్లి, చాప మీద కూర్చొని వారి ముందు ఉంచాలి. వారు దాన్ని స్వీకరించి నాలుగు మాటలు పలికారంటే, అప్పటినుంచి మీ మంచిచెడ్డలు ఆ ఊరి పూచీ. మీకు జ్వరం వచ్చినా, చివరి బస్సు తప్పిపోయినా పట్టించుకునేది వాళ్లే. మీరు ఎవరింటికి వెళ్తున్నారో, ఎప్పుడు వస్తున్నారో ఆరా తీసేదీ వాళ్లే. ఈ రెండోది మొదట్లో చికాకు కలిగిస్తుంది. మన పల్లెటూళ్లు ఎరిగినవారికి కొత్తేమీ కాదు.

యంగోనా పొడిని నీళ్లలో పిసికి, తనోవా అనే చెక్క గిన్నెలో కలిపి, కొబ్బరిచిప్పలో అందిస్తారు. చిప్ప అందుకునే ముందు ఒకసారి చప్పట్టు చరిచి, ‘బులా’ (అక్కడి పలకరింపు) అని, ఒక్క గుక్కలో తాగి, తరువాత మూడుసార్లు చరచాలి. బురదనీళ్ల రుచి, పెదవులు, నాలుక కాసేపు తిమ్మిరెక్కుతాయి. సారా కాదు కానీ మనిషిని మందగింపజేస్తుంది. మొదటి చిప్ప మాత్రం వద్దనకండి. తరువాత నుంచి ‘లో టైడ్’ అంటే అడుగంటా కాస్త పోస్తారు, ‘హై టైడ్’ అంటే అంచుదాకా నింపుతారు. ఆ మాట సరదాగానే చెల్లుతుంది. గంటల తరబడి సాగే ఆ కూర్చోవడంలో కబుర్లే అసలు సంగతి, తాగడం కాదు.

నిజం చెప్పాలంటే, యంగోనా కంటే చేప వద్దనడమే మీకు కష్టం. చామాకులను కొబ్బరిపాలలో ఉడికించే రోరో, కర్రపెండలం, చామదుంప మీకు దొరికినట్టే. కానీ రోరోలో డబ్బాచేప కలిపే ఇళ్లు చాలా ఉన్నాయి. వంట మొదలయ్యే ముందే చెప్పండి, వడ్డించాక కాదు. ఆదివారం చర్చి ప్రార్థనకు ఒక్కసారైనా వెళ్లండి; మీ మతం ఏమిటని కాదు, వచ్చారా లేదా అనే చూస్తారు. ఊళ్లో తిరిగేటప్పుడు టోపీ, నల్ల కళ్లద్దాలు తీసేయాలి, మోకాళ్లు కప్పుకోవాలి. మన లుంగీలాంటి సులు ఒకటి మొదటి వారంలోనే కొనుక్కోండి.

జవాబు 2 (సువా నివాసి):

తెలుగువారి మాట నిజమే. 1879 నుంచి 1916 దాకా కూలి ఒప్పందాల మీద సుమారు 60,000 మంది భారతీయులను ఫిజీ చెరకు తోటలకు తెచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తెచ్చినవారిలో మనవాళ్లూ ఉన్నారు. అయితే వారి సంతానం ఇళ్లలో వినిపించేది ఫిజీ హిందీ. తెలుగు పూజల్లో, భజనల్లో కొంత మిగిలింది. ‘మాది విశాఖ జిల్లా అని తాత చెప్పేవాడు’ అనే పెద్దమనిషి మీకు లంబాసా బస్టాండులోనే తగలవచ్చు. తగిలితే మధ్యాహ్న భోజనం వాళ్లింట్లోనే, అందులో పప్పూ రొట్టే, కాబట్టి మీ శాకాహారం చిక్కు ఆ పూటకు తీరినట్టే. దీపావళి ఇక్కడ ప్రభుత్వ సెలవు. ఆ రాత్రి పల్లెల నుంచి మూలవాసులైన ఫిజియన్లు కూడా మిఠాయిల కోసం పొరుగిళ్లకు వస్తారు.

ప్రయాణాల విషయానికి వస్తే, విమానం మీ భృతికి అందదు. తవేవునికి లంబాసా నుంచి బస్సులో కొండలు దాటి నటువు రేవుకు చేరి, అక్కడ చిన్న పడవ ఎక్కి సొమొసొమొ జలసంధి దాటడం చవకైన దారి. కెరటాలు లేచిన రోజున ఆ పడవ పరీక్షే. సామాను ప్లాస్టిక్ సంచిలో కట్టుకోండి. దీవిలో బౌమా జలపాతాలు, లవేనా తీరం వెంట కాలిబాట చూడండి. రాజధాని సువాకు రావాలంటే మీ దీవిలోనే ఉన్న సవుసవు పట్టణం నుంచి రాత్రి ప్రయాణించే ఓడ ఉంటుంది. ఓడలు చెప్పిన వేళకు బయలుదేరవు, కనుక సోమవారం బడి ఉంటే ఆదివారం ఓడను నమ్ముకోకండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్, 2020 డిసెంబరులో మీరు వెళ్లే వనువా లేవునే తాకిన యాసా, రెండూ అయిదో శ్రేణివే, అంటే అత్యంత తీవ్రమైనవే. డిసెంబరు సెలవుల్లో దూరపు దీవులు పెట్టుకోవద్దు.

జవాబు 3 (లెవుకా యాత్రికుడు):

పై ఇద్దరూ చెప్పనిది ఒకటుంది. వాలంటీర్లలో చాలామంది శుక్రవారం కాగానే పట్టణానికి పరుగెత్తి, తమలాంటివారితోనే శని, ఆదివారాలు గడిపి వస్తారు. ఒంటరితనం తట్టుకోవడానికి అప్పుడప్పుడు అది అవసరమే, తప్పు పట్టను. కానీ ఊళ్లో పెళ్లిళ్లు, చావులు, చందాల విందులు జరిగేవి ఆ రోజుల్లోనే. వాటికి మొహం చూపించని మనిషికి పరిచయాలు పెరగవు. పైగా మంచి ప్రయాణాలన్నీ ఊరివాళ్ల వెంటే దొరుకుతాయి: ఫలానా దీవిలో మా పిన్ని ఉంది, ఆమె దగ్గర దిగు అంటారు, గదికి అద్దె ఉండదు, ఒక యంగోనా కట్ట తీసుకెళితే చాలు. లెవుకా నేను అలాగే చూశాను. ఫిజీ తొలి రాజధాని, 2013లో యునెస్కో జాబితాలో చేరిన ఊరు.

తీరవాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక సందేహం: అలా బంధువుల ఇంట దిగితే, తిరిగి వాళ్లు నా వస్తువులు ఏవైనా అడిగితే ఇవ్వాల్సిందేనా?

పాత పంతులమ్మ:

అక్కడ దాన్ని కెరెకెరె అంటారు. అడగడం నామోషీ కాదు, మీరూ అడగవచ్చు. చక్కెర, కిరోసిన్, గొడుగు అడిగితే ఇచ్చేయండి. ఫోను, లాప్‌టాప్‌ మాత్రం ‘ఇవి సంస్థవి, నా చేతిలో లేదు’ అనండి, ఎవరూ నొచ్చుకోరు. మీ దగ్గర ఉన్న బట్టలను ఎవరైనా మెచ్చుకుంటే జాగ్రత్త, ఆ మెప్పు ఒక్కోసారి అడగడమే.