అప్‌డేట్: హెసరఘట్ట గడ్డి మైదానంలో చూసిన ఆ రెండు మొక్కలు

బెంగళూరు పక్కనే హెసరఘట్టలో తీసిన రెండు ఫోటోలు పెట్టి, ఈ గడ్డి ఏంటి, ఈ చిన్న నీలం పువ్వు ఏంటి అని అడిగాను కదా. కాడని వేళ్ల మధ్య తిప్పి చూడమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్. ఆదివారం మళ్లీ వెళ్లాను. మూడు అంచులు స్పష్టంగా తగిలాయి, కణుపుల్లేవు, విరిస్తే లోపల గట్టిగా ఉంది, అంటే అది గడ్డే కాదు, తుంగ! పక్కనే ఉన్న అసలు గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో, మధ్యలో బోలుగా ఉంది, రెండూ ఒకేచోట పట్టుకుని చూశాక ఇక మర్చిపోను. నీలం పువ్వు విష్ణుక్రాంత. నేలమీద పాకే తీగ, ఆకుల మీద పట్టులాంటి నూగు, రేకులు విడివిడిగా కాకుండా ఒకటిగా కలిసి ఉన్నాయి, ఇది మన చిలగడదుంప కుటుంబమేనట. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుపోయింది. ఏదీ పీకలేదు, ఫోటోలే.