జీడి యూనిట్‌లో ఆడవాళ్ళకి గర్భానికి ముందు జాగ్రత్తలు: ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

ప్రశ్న (కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా)

మాది జీడిపప్పు యూనిట్. కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ అన్నీ కలిపి నలభై మంది దాకా ఆడవాళ్ళు. ఎక్కువమంది తెలుగువాళ్ళే, కొందరు ఒడియా, కొందరు సవర. కూలి కిలోల లెక్కన. నెల తప్పాక ఏం చేయాలో ఆశా దిది చెబుతోంది, అంతకు ముందు సంగతి చెప్పేవాళ్ళు లేరు. యజమాని నెలకో గంట ఇస్తానన్నారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళని కూర్చోబెట్టి చెబితే సరిపోతుందా? ఏ పరీక్షలు చేయించాలి?

జవాబు 1 (స్టాఫ్ నర్సు, గుణుపురం)

మేడమ్, కొత్త పెళ్ళికూతుళ్ళని విడిగా పిలవకండి. పిలిచిన రోజే షెడ్డంతా "దానికింకా కాలేదా" అని మొదలెడుతుంది. పిల్లల్లేక బాధపడేవాళ్ళు, ఈమధ్యే కడుపు పోయినవాళ్ళు ఇక ఆ గంటకి రారు. అందరికీ కలిపి చెప్పండి. రెండో బిడ్డకి చూస్తున్న తల్లికీ ఇవే జాగ్రత్తలు.

మొదటి గంట ఫోలిక్ యాసిడ్‌కే ఇవ్వండి. బిడ్డకి మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. అందుకే రోజుకి 400 మైక్రోగ్రాములు, కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా వేసుకోవాలి.

చాలామంది ఇక్కడే తప్పుతారు. వారానికొకటి ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఉంది కదా, చాలనుకుంటారు. అది రక్తహీనత కోసం, వారానికి ఒక్కటే. రోజూ వేసుకోవాల్సింది వేరు. మందుల షాపులో ఊరికే ఫోలిక్ అంటే 5 మిల్లీగ్రాముల బిళ్ళ ఇచ్చేయవచ్చు. ముందు బిడ్డకి వెన్ను లోపం వచ్చినవాళ్ళకి, మూర్ఛ మందులు వాడేవాళ్ళకి డాక్టర్లు రాసే పెద్ద మోతాదు అది. ఖాళీ స్ట్రిప్పులు చేతికిచ్చి అంకె, దాని పక్కన మి.గ్రా. ఉందో మైక్రో ఉందో చదివించండి. మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళు గర్భానికి ముందే డాక్టర్ని కలవాలి, సొంతంగా మాత్రం ఆపకూడదు. షుగర్, బీపీ, థైరాయిడ్ మందులవాళ్ళూ అంతే.

హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువైతే రక్తహీనతే. ఐరన్ మాత్రని షెడ్లో టీతో పాటు మింగించకండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. గంట ఎడం ఉండాలి.

జవాబు 2 (ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ)

మన జిల్లాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష తప్పనిసరిగా పెట్టాలి. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే (జబ్బు లేకున్నా దాని జన్యువు ఒకటి మోసేవాళ్ళు) ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. "మొదటి బిడ్డ బాగానే ఉంది కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో ఒడిశా కూడా ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

మొదట చేసేది సాల్యుబిలిటీ పరీక్ష, అంటే రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందో లేదో త్వరగా చూసేది. అది పాజిటివ్ అంటే జబ్బు అని కాదు. వాహకులో, జబ్బుమనిషో అది తేల్చలేదు, హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే ల్యాబ్ పరీక్ష) కావాలి. రక్తం బాగా తక్కువగా ఉంటే తప్పుగా నెగెటివ్ రావచ్చు. భార్య వాహకురాలని తేలితే భర్తకి సాల్యుబిలిటీతో ఆపకండి, నేరుగా హెచ్‌పీఎల్‌సీ చేయించండి. అతను బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని మరో వంశపారంపర్య జబ్బు) వాహకుడైతే సాల్యుబిలిటీకి దొరకడు, బిడ్డకి మాత్రం జబ్బు రావచ్చు. వాహకులు ఐరన్ వేసుకోవచ్చు. జబ్బు ఉన్నవాళ్ళకి డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. సికిల్ సెల్ జబ్బుకిచ్చే హైడ్రాక్సీయూరియా మందు వాడుతుంటే గర్భానికి చూసే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

రిపోర్టు మనిషి చేతికే ఇవ్వాలి, మేస్త్రీ చేతికి కాదు. అత్తవారింటికి ముందు తెలిస్తే నింద అంతా ఆడపిల్ల మీదే పడుతుంది.

జవాబు 3 (కార్మిక సంక్షేమం, పర్లాకిమిడి)

కిలోల కూలి దగ్గర ఆ గంటకి డబ్బు కట్టకపోతే ఎవరూ రారు. వచ్చినా కళ్ళు తూకం వైపే ఉంటాయి. ఒక్కొక్కరి సగటు గంట కూలి లెక్కగట్టి ఇప్పించండి. సవర ఆడవాళ్ళకి వాళ్ళలోనే ఒకామెతో చెప్పించండి, తలూపితే అర్థమైందని కాదు.

ఇంకోటి, ఆ గంటలోనే ప్రసూతి సెలవు సంగతీ చెప్పండి. ముందటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవు. కిలోల కూలివాళ్ళకీ ఇది వర్తిస్తుంది. చిక్కంతా పుస్తకంలో ఉంది: కిలోలే రాసి రోజులు రాయకపోతే ఆ 80 రోజులు రుజువు కావు. రేపటి నుంచే తూకం పుస్తకంలో తేదీ, హాజరు గడులు కలపండి. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కట్టే యూనిట్ అయితే లెక్క వేరు, ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 70 రోజుల చందా చూస్తారు.

ప్రశ్న అడిగినవారు

ముందు గంట కూలి సంగతి యజమానితో తేలుస్తాను. భర్తల పరీక్ష ఆదివారం పెట్టవచ్చా?

జవాబు 2 (ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ)

హెచ్‌పీఎల్‌సీ నమూనా ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా మందు ఉన్న ట్యూబు) తీసి 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచి పంపాలి, చలికి ఐసులా గడ్డకట్టనివ్వకూడదు. ఆదివారం తీసుకునేవాళ్ళు ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే సోమవారం పొద్దున్నే పెట్టుకోండి.