రిపోర్టులో ‘పీ53 పాజిటివ్’ అని ఉంది, మంచిదేనా?

పలాస అబ్బాయి:
మా అమ్మకు 61 ఏళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అడ్డపొగ తాగుతోంది, అంటే చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. నాట్లేస్తున్నా, గిన్నెలు తోముతున్నా చుట్ట నోట్లోనే ఉండేది. మూడు నెలలుగా అంగిలి మీద పుండు మానడం లేదు. బయాప్సీలో (ముక్క తీసి చేసే పరీక్ష) స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి పైపొర కణాల్లో వచ్చే క్యాన్సర్ అని తేలింది. కింద ‘పీ53 పాజిటివ్’ అని రాశారు. పీ53 క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువట కదా, అయితే మంచిదేనని చెల్లికి చెప్పేశాను. నిజమేనా? నా కూతురికి తొమ్మిదేళ్లు, దానికీ వస్తుందేమోనని ఒకటే టెన్షన్.

స్లైడ్ల గది:
తమ్ముడూ, పాథాలజీ ల్యాబ్‌లో నాది పద్దెనిమిదేళ్ల పని. ‘పాజిటివ్’ అన్న మాట దగ్గర చాలామంది ఇలాగే పొరబడతారు.

ఈ జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కణంలో డీఎన్‌ఏ దెబ్బతింటే దీని ప్రోటీన్ విభజనను ఆపి, బాగుచేసుకునే వ్యవధి ఇస్తుంది. బాగుపడకపోతే ఆ కణాన్ని చంపేస్తుంది. 1992లో దీన్ని ‘జన్యురాశికి కాపలాదారు’ అన్నది అందుకే. మామూలు కణం ఈ ప్రోటీన్‌ను నిమిషాల్లో కరిగించేస్తుంది, అందుకని ల్యాబ్‌లో ఈ ప్రోటీన్‌ను పట్టి చూపించే రంగు వేస్తే, స్లైడ్ మీద అక్కడక్కడా లేత రంగే పడుతుంది. పొగలోని బెంజోపైరీన్ లాంటి రసాయనాలు జన్యువును చెడగొడితే పనికిరాని ప్రోటీన్ తయారై, కరగకుండా పేరుకుపోతుంది. అప్పుడు గడ్డ కణాల కేంద్రకాలన్నీ చిక్కటి కాఫీ రంగులో కనిపిస్తాయి. పాజిటివ్ అంటే చాలావరకు అదే: కాపలాదారు ఉన్నాడు, కాపలా లేదు. అసలు రంగే పడకపోయినా జన్యువు చెడిందనే అనుమానించాలి.

ఆ ఒక్క మాట చూసి హడలిపోకండి. చికిత్స ఆధారపడేది గడ్డ ఎంత లోతుకు పోయింది, ఎముకను పట్టిందా, మెడ గ్రంథుల్లోకి వెళ్లిందా అన్నవాటి మీద. స్కాన్ ఆలస్యం చేయొద్దు. పాప సంగతంటారా, పొగ వల్ల అంగిలి కణాల్లో వచ్చిన మార్పు పిల్లలకు వెళ్లదు. పుట్టుకతోనే ఈ జన్యువు చెడిన కుటుంబాలు చాలా అరుదు, వాళ్లలో చిన్న వయసులోనే రకరకాల క్యాన్సర్లు వస్తాయి.

టెక్కలి కోడలు:
మా అత్తమ్మదీ అడ్డపొగే. అంగిలంతా తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపిస్తే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. క్యాన్సర్ ఇంకా రాలేదు, చుట్ట మాన్పించారు. మీ ఇంట్లో ఇంకెవరైనా తాగుతుంటే వాళ్ల నోరు కూడా చూపించండి అన్నయ్యా.

పలాస అబ్బాయి:
చెల్లికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గురువారం స్కాన్‌కి వైజాగ్ వెళ్తున్నాం. పిన్నినీ తీసుకెళ్తున్నాను, ఆవిడకీ అదే అలవాటు.