మొదటి ఫైట్ స్టిక్: లివర్ కొనాలా, లివర్‌లెస్సా?

బెజవాడ ప్యాడ్:
అందరికీ నమస్కారం. పీసీలో స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ ఆట ఆడుతున్నాను, ర్యూ అనే పాత్రతో. ఏడాదిగా మామూలు ప్యాడే, రెండు చేతుల్లో పట్టుకుని బొటనవేళ్ళతో ఆడే రకం. హడోకెన్ (చేతుల్లోంచి విసిరే శక్తి బంతి) పది కొడితే పదీ వస్తాయి గానీ షోర్యూకెన్ (పైకి ఎగురుతూ కొట్టే గుద్దు) దగ్గర చెయ్యి తడబడుతోంది, అవతలివాడు నామీంచి దూకి వెనక్కి వచ్చినప్పుడు మరీను. దానికితోడు రెండు గంటలు ఆడితే ఎడమ బొటనవేలి కణుపు సలుపుతోంది. పదివేల లోపు ఆర్కేడ్ కంట్రోలర్ ఒకటి కొందామని ఉంది. చిన్నప్పుడు వన్‌టౌన్‌లో రూపాయి కాయిన్లేసి ముస్తఫా ఆడిన చేతులివి, కాబట్టి మనసు లివర్ (చేత్తో అటూ ఇటూ తిప్పే కర్ర) మీదే ఉంది. కానీ ఈమధ్య ఏ పోటీ వీడియో చూసినా ఆటగాళ్ళ ఒళ్ళో లివర్ లేని బటన్ల పెట్టెలే ఎక్కువ కనిపిస్తున్నాయి. ఏది కొనమంటారు?

కాయిన్ బాక్స్:
లివరే కొను తమ్ముడూ. మనం ముస్తఫా అని పిలుచుకున్న ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. 1993లో క్యాప్‌కామ్ తెచ్చింది. స్ట్రీట్ ఫైటర్ 2 దానికి రెండేళ్ళు పెద్దది. స్ట్రీట్ ఫైటర్ 2 తయారైనప్పుడు ఎదురుగా ఉన్నది లివరూ, ఆరు బటన్లూ. కిందికి, మూలకి, ముందుకి అని మణికట్టు తిరిగే తీరుకి సరిపోయేలా ఆ మూవ్‌లు అల్లారు. చేతికి అది తెలుస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సింది పైన స్టిక్కరు కాదు, లోపల ఏముందన్నది. సాన్వా కంపెనీ జేఎల్‌ఎఫ్ లివర్, 30 మిల్లీమీటర్ల సాన్వా బటన్లు పట్టే పెట్టె అయితే చాలు. మొదట చవక భాగాలతో ఆడు, తర్వాత ఒక్కొక్కటీ మార్చుకో. జేఎల్‌ఎఫ్‌తో చదరపు గేటు, అంటే లివర్ ఎంతవరకు కదలాలో ఆపే చట్రం, వస్తుంది. నాలుగు రోజులు విసుగ్గా ఉంటుంది, లివర్ మూలల్లో ఇరుక్కుంటోందనిపిస్తుంది. తొందరపడి ఎనిమిది మూలల గేటు తెప్పించకు. కింద-వెనక పట్టుకుని బ్లాక్ చేస్తూ కూర్చోవాలంటే ఆ చదరపు మూలే దిక్కు, కళ్ళు మూసుకున్నా దొరుకుతుంది.

ఒక్క సంగతి. మొన్న సంక్రాంతి సెలవుల్లో నా లివర్ విప్పాను. కిందవైపు గేటు ఊడదీస్తే ఇరుసు చివర గోరంత క్లిప్ ఉంటుంది. యాక్చుయేటర్‌ని (ఇరుసుకి తొడిగి స్విచ్‌లని నొక్కే ప్లాస్టిక్ ముక్క) వేలితో స్ప్రింగు మీదికి నొక్కిపట్టి చిన్న స్క్రూడ్రైవర్‌తో క్లిప్‌ని పక్కకి నెట్టాలి. నేను గుడ్డ అడ్డం పెట్టుకోకుండా నెట్టాను, అది ఎగిరి బీరువా కిందికి పోయింది. అరగంట వెతికాను. దొరికాక లోపల నల్లగా పేరుకున్న పొడి తుడిచి, ఇరుసు తిరిగే చోట కాస్త గ్రీజు రాసి బిగించాను. అయిదేళ్ళ నాటి స్టిక్, కొత్తదానిలా తిరుగుతోంది. విప్పడానికి వీలున్నదే కొను.

స్పేస్‌బార్:
కాయిన్ బాక్స్ అన్న చివరి మాటతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను. లివర్ సంగతిలో మాత్రం కాదు. ప్రశ్న అడిగినాయన బొటనవేలు నొప్పి అంటున్నారు, మనం గేమ్ షాపు జ్ఞాపకాలు చెబుతున్నాం. నాదీ అదే నొప్పి. లివర్‌కి మారితే అది మణికట్టుకి వచ్చింది. చేతులు చిన్నవి, పెట్టె ఒళ్ళో జారకుండా అదిమిపట్టి ఆడేదాన్ని. లివర్‌లెస్‌కి వచ్చాక వేళ్ళు ఉన్నచోటే ఉంటున్నాయి. ఎడమ చెయ్యి ఉంగరపు వేలు వెనక్కి, మధ్య వేలు కిందికి, చూపుడు వేలు ముందుకి, బొటనవేలు గెంతడానికి. అంతే.

షోర్యూకెన్ గురించి అడిగారుగా. కింది బటన్ నొక్కిపట్టి, ముందు బటన్‌ని రెండుసార్లు తట్టి, పంచ్ కొట్టండి. స్ట్రీట్ ఫైటర్ దాన్ని షోర్యూకెన్‌గానే తీసుకుంటుంది. అటువైపు తిరిగితే వేలు మారుతుంది, పని అదే.

కొనకముందు చెయ్యాల్సింది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. మీరు ఆడేది పీసీలో. ఏ, ఎస్, డీ కీలకి వెనక, కింద, ముందు పెట్టి, స్పేస్‌బార్‌కి గెంతు పెట్టండి. లివర్‌లెస్ అమరిక అచ్చం అదే. రెండు వారాలు ట్రైనింగ్ మోడ్‌లో ఆడి చూడండి. మామూలు ఆఫీసు కీబోర్డులో కొన్ని కీలు మూడు కలిపి నొక్కితే ఒకటి పడదు. అది మీ తప్పనుకోవద్దు.

మూడో రౌండ్:
అక్కా, చేతి సంగతి సరే. కానీ ఆట మాటేంటి? లివర్‌ని ఎడమకీ కుడికీ ఒకేసారి తొయ్యడం ఎవరివల్లా కాదు. ఆ పెట్టెలో రెండు బటన్లూ ఒకేసారి నొక్కొచ్చు. గైల్ అనే పాత్రతో సోనిక్ బూమ్ అనే దూరపు దెబ్బ వెయ్యాలంటే వెనక్కి కాసేపు పట్టుకుని (దాన్నే ఛార్జ్ అంటాం) ముందుకి తోస్తాం. మధ్యలో లివర్ అటునుంచి ఇటు ప్రయాణం చెయ్యాలి, ఆ కాసేపూ బ్లాక్ ఉండదు. వెనక్కి వదలకుండానే ముందు బటన్ తడితే ఆ ప్రమాదమే మాయం. ఇరవై ఏళ్ళు మణికట్టు అరగదీసుకున్నవాడికి ఇది అన్యాయంగానే ఉంటుంది. 2019లో జపాన్ మేటి ఆటగాడు డైగో ఉమెహరా తెచ్చిన గాఫ్రో బాక్స్ అనే లివర్‌లెస్ పెట్టెని క్యాప్‌కామ్ తన పోటీల్లో వద్దన్నది ఊరికే కాదుగా.

స్పేస్‌బార్:
వద్దన్నది ఆ పెట్టె రెండు దిక్కుల్నీ కలిపి చదివే పద్ధతిని. బటన్లతో ఆడటాన్ని కాదు. స్ట్రీట్ ఫైటర్ 6 వచ్చాక క్యాప్‌కామ్ పోటీల నిబంధన స్పష్టంగా ఉంది: ఎడమ, కుడి కలిపి నొక్కితే రెండూ రద్దు కావాలి, పాత్ర నిలబడిపోవాలి. అంటే మీరు చెప్పిన సోనిక్ బూమ్ ఇప్పుడు కుదరదు, వెనక బటన్ వదలాల్సిందే. చవక లివర్‌లెస్‌లలో చాలావాటిలో జీపీ2040-సీఈ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (పెట్టెని నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటుంది. బ్రౌజర్‌లోనే సెట్టింగులు తెరిచి ఎస్‌ఓసీడీ (ఎదురెదురు దిక్కులు కలిపి నొక్కితే ఏం కావాలన్న సెట్టింగు) దగ్గర న్యూట్రల్, అంటే రెండూ రద్దు, పెట్టుకోవచ్చు. నేను మొదటిరోజు నుంచీ అలాగే ఆడుతున్నాను.

వేళ్ళు మణికట్టు కంటే వేగం, అది ఒప్పుకుంటాను. కానీ డైగో చేతుల్లోంచే రెండూ చూశాం కదా. 2004లో ఈవో అనే పెద్ద ఫైటింగ్ ఆటల పోటీలో జస్టిన్ వాంగ్ ఆడిన చున్-లీ సూపర్‌ని (వరుస దెబ్బల పెద్ద దాడి) దెబ్బ దెబ్బకీ ప్యారీ చేసింది, అంటే సరిగ్గా తగిలే క్షణంలో ముందుకి తోసి ఆపింది, ఆర్కేడ్ లివర్ మీదే. పదిహేనేళ్ళ తర్వాత అదే మనిషి బటన్లకి వచ్చాడు. ఆయన కష్టపడలేదని ఎవరంటాం?

మూడో రౌండ్:
కష్టపడలేదనలేదు. నిబంధన వచ్చాక అన్యాయం తగ్గింది, అదీ నిజమే. అయినా టెక్కెన్ అనే ఇంకో ఫైటింగ్ ఆటలో మిషిమా పాత్రల వేవ్‌డాష్ (వరుసగా ముందుకి దూసుకెళ్ళే కదలిక) చూడండి, లివర్ మీద నెలలు పట్టేది బటన్ల మీద వారంలో వస్తోంది. నాకు అది బాధగానే ఉంది.

లఫీ అభిమాని:
ఒక్క మాట. 2014 ఈవోలో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 గెలిచిన ఫ్రెంచి ఆటగాడు లఫీ ఆడింది పాత ప్లేస్టేషన్ 1 ప్యాడ్ మీద. గెలుపు కోసమే అయితే పదివేలు దాచుకోండి. నొప్పి కోసమైతే మారండి.

కాయిన్ బాక్స్:
మూడో రౌండ్, టెక్కెన్ అన్నావు కాబట్టి. ఆ ఆటకైతే కొరియా లివర్ వేరే లోకం. స్ప్రింగు బదులు రబ్బరు బుష్ ఉంటుంది, వదిలితే టక్కున మధ్యకి వస్తుంది. వెనక్కి జారుతూ పోవడానికి అదే ప్రాణం. తమ్ముడు ఆడేది స్ట్రీట్ ఫైటర్ గనక ఆ ఊసెత్తలేదు.

ఇంకోటి, మరిచిపోయాను. ఇంట్లో అందరూ పడుకున్నాక ఆడేవాడివైతే లివర్ టకటక గోడ దాటి వినిపిస్తుంది. సాన్వాలో చప్పుడు చెయ్యని బటన్లున్నాయి, వాటి కోడ్‌లో ఎఫ్ తర్వాత ఇంకో ఎస్ ఉంటుంది, ఓబీఎస్‌ఎఫ్‌ఎస్ అని. రేపు పీఎస్5 కొనే ఆలోచన ఉంటే దానికి పనిచేస్తుందని రాసి ఉన్న పెట్టే తీసుకో. పీసీలో నడిచే ప్రతిదీ అక్కడ నడవదు.

బెజవాడ ప్యాడ్:
పదహారు రోజుల తర్వాత వస్తున్నాను. అక్క చెప్పినట్టు కీబోర్డు మీద ఆడాను. మొదటి మూడు రోజులు గెంతబోయి కూర్చున్నాను, కూర్చోబోయి గెంతాను. పైకి అనగానే మధ్య వేలు లేస్తోంది, బొటనవేలికి ఆ సంగతి తెలియడం లేదు. అయిదో రోజు నుంచి షోర్యూకెన్ రెండువైపులా పడుతోంది. నిన్న రాత్రి వరుసగా ఇరవై కొట్టాను, పద్దెనిమిది వచ్చాయి. బొటనవేలు సలపడం లేదు.

మా బావ దగ్గర పాత స్టిక్ ఉందని తెలిసి ఆదివారం గుంటూరు వెళ్ళి రెండు గంటలు అదీ ఆడాను. కాయిన్ బాక్స్ అన్నా, నువ్వు చెప్పిన మూల దొరికింది. చెయ్యి పెట్టగానే నవ్వొచ్చింది. కానీ షోర్యూకెన్ ఇరవైలో ఏడే.

లివర్‌లెస్ ఆర్డర్ పెట్టాను, స్విచ్‌లు సాకెట్‌లోంచి ఊడదీసి మార్చుకునే రకం. నాలుగు స్క్రూలు తీస్తే తెరుచుకుంటుందట. బావ స్టిక్ కూడా తెచ్చుకున్నాను, లివర్ గరగరమంటోంది. ఈ శనివారం విప్పుతాను. గుడ్డ అడ్డం పెట్టుకుంటాను.

కాయిన్ బాక్స్:
క్లిప్ కిందపెట్టకు, అయస్కాంతం ముక్కకి అంటించి పెట్టుకో. విప్పాక ఫోటో పెట్టు, ఏది అరిగిందో చెబుతాను.