ఆగస్టు 9కి ఆకులు, ఈకలు కట్టకుండా పిల్లలతో ఏం చేయించవచ్చు?

పటమట సోషల్ టీచర్:
విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సోషల్ చెబుతాను. ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి మా కల్చరల్ కమిటీ ఎప్పటిలాగే ధింసా డాన్సు వేయించమంది. డ్రస్సులు అద్దెకిచ్చే షాపు నుంచి ఫోటోలు కూడా వచ్చేశాయి. నడుముకు ప్లాస్టిక్ ఆకులు, తలకు ఈకలు, ఒంటికి నల్లరంగు. అరకు వైపు ధింసా ఆడే ఆడవాళ్ళు శుభ్రంగా చీరలు కట్టుకుని, ఒకరి వీపు వెనక ఒకరు చేతులు వేసుకుని వరసగా ఆడతారు. ఈ ఈకలు ఎక్కణ్ణుంచి వచ్చాయో! అడిగితే "పిల్లలు ముద్దుగా ఉంటారు మేడం, పేరెంట్స్‌కి నచ్చుతుంది" అన్నారు.

నేను వేరే ఏదైనా చేయిస్తానని మాటిచ్చేశాను. ఇప్పుడు టెన్షన్. పాఠంలో రంప తిరుగుబాటు ఉంది, అల్లూరి అందరికీ తెలుసు. ఆయన వెంట పోరాడిన గంటందొర ఎవరని అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు. కెనడాలో దుప్పట్లతో ఒకటి చేయిస్తారని చదివాను. నేలంతా దుప్పట్లు పరిచి పిల్లల్ని వాటి మీద నిలబెడతారు. ఆ దుప్పట్లే ఆదివాసుల భూమి. ఒక్కో చట్టం, ఒక్కో ఒప్పందం చదివేకొద్దీ వాటిని మడిచేస్తూ పోతారు. అదే పద్ధతిలో 1882 మద్రాసు అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు తీసుకుని చేయించనా? నాటకాలు వేయించిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. నాకున్నవి నాలుగు పీరియడ్లు, ఒక ఖాళీ హాలు. బడ్జెట్ సంగతి అడగొద్దు.

గుంటూరు రంగస్థలం:
చేయించవచ్చు. కాకపోతే అక్కడ ఆదివాసీ పెద్దలు దగ్గరుండి నడిపిస్తారు, చివర అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. అది వదిలేసి దుప్పట్లు మడవడం ఒక్కటే చేస్తే కుర్చీలాట అయిపోతుంది. తోసుకుంటారు, నవ్వుకుంటారు, బెల్లు కొట్టేస్తారు.

బాపట్ల వైపు మనిషి:
మేడం, మన్యం దాకా ఎందుకండీ? చెన్నై లైన్లో రైలెక్కితే బాపట్ల దాటగానే స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. మేం ఎరుకలవాళ్ళం, మాది అదే ఊరు. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఎవరడిగినా "బాపట్ల" అని చెప్పేవాణ్ణి. సినిమాల పుణ్యమా అని ఊరి పేరు వింటే జేబు తడుముకునేవాళ్ళు మరి.

మా పాతతరం వాళ్ళు ఉప్పు వ్యాపారం చేసేవాళ్ళు. కోస్తా ఉప్పు ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు పోయి ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది, రైలొచ్చి సరుకు మోయడం మొదలుపెట్టింది, అడవిలో వెదురుకూ మేతకూ చట్టం అడ్డమొచ్చింది. ఆ తర్వాత తిరిగేవాళ్ళంతా దొంగలన్నారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. 1913లో ఇక్కడ మావాళ్ళని కట్టడిలో ఉంచడానికి సెటిల్‌మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టారు. ఊరి పేరు కూడా హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరదే.

నేను పిల్లలతో ఆడించే పద్ధతి చెబుతాను. కావలసినవి ఒక ఉప్పు మూట, ఒక వెదురు గంప, మీ స్కూలు హాజరు రిజిస్టరు. ఉప్పు నిజంది ఉండాలి, ఐదు కిలోల కల్లుప్పు, బరువు భుజానికి తెలియాలి. పిల్లలు గుండ్రంగా తిరుగుతూ మూట, గంప చేతులు మార్చుకుంటుంటారు. ఒకరొచ్చి కాగితం చదివి మూట తీసుకుపోతారు. ఇంకో కాగితానికి గంప పోతుంది. ఉత్త చేతులతో తిరుగుతూనే ఉండాలి, ఆపొద్దు. అప్పుడు బల్ల వేసి రిజిస్టరు తెరుస్తారు. పేరు, వేలిముద్ర. పక్క ఊళ్ళో పెళ్ళికి పోవాలంటే పాసు. రాత్రి మళ్ళీ హాజరు. రోజూ "ప్రెజెంట్ మేడం" అనే పిల్లలే, ఇక్కడికొచ్చేసరికి గొంతు పెగలదు.

తిరిగేవాళ్ళకు వేషం, యాస, సోది చెప్పడాలు ఏవీ పెట్టకండి. మూట మోసే మనుషులు, అంతే. బల్ల దగ్గర రాసే గుమాస్తా వేషం మాత్రం ప్రతి పిల్లా వంతులవారీగా వేయాలి. మా బాధ నటించడం కంటే ఆ కుర్చీలో కూర్చుని రాయడం ఎంత తేలికో తెలియడం వాళ్ళకు ముఖ్యం. అహ్మదాబాద్ ఛారానగర్‌లో బుధన్ థియేటర్ ఉంది. బెంగాల్లో సబర్ తెగ మనిషి బుధన్ సబర్ పోలీసు కస్టడీలో చనిపోయాక, మాలాగే దొంగల ముద్ర పడ్డ ఛారా జాతి కుర్రాళ్ళు 1998లో పెట్టుకున్నది. తమ కథ తామే ఆడతారు. అది వేరే లెక్క, మీ హాల్లో అది రాదు, రానక్కర్లేదు.

ఇంకోటి. "మీలో ఎవరైనా ఆ ఊరివాళ్ళున్నారా?" అని క్లాసులో అడగొద్దు. ఉండే ఉంటారు.

ఇద్దరు పిల్లల నాన్న:
సిలబస్ అవ్వక చస్తుంటే ఇవెందుకండీ? మా పిల్లలతో దొంగల నాటకం వేయించారని రేపు నేనే కంప్లైంట్ ఇస్తా.

బాపట్ల వైపు మనిషి:
ఇవ్వండి సార్. నాటకం చూశాక ఇవ్వండి.

పటమట సోషల్ టీచర్:
బాపట్ల అన్నా, గుమాస్తా కుర్చీ ఆలోచన నాకు తట్టేది కాదు. దుప్పట్లు పక్కన పెట్టేశాను. మా ప్రిన్సిపాల్ మేడం ఆగస్టు 9కి ధింసానే ఉంచమన్నారు, చీరలతో ఆడించడానికి మాత్రం ఒప్పుకున్నారు. నాకు వేరే రోజు కావాలి. బుట్టలల్లే పెద్దవాళ్ళనెవరినైనా పిలిస్తే వస్తారా? శాలువా కప్పి సన్మానం చేయిస్తాను.

బాపట్ల వైపు మనిషి:
ఆగస్టు 31న పెట్టుకోండి. 1952లో ఆ రోజునే నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. మా పిన్ని వస్తుంది, అడిగి చెబుతాను. శాలువా వద్దు మేడం, రోజు కూలీ, రానుపోను చార్జీలు ఇప్పించండి. వెదురు ముందే చీల్చి తెచ్చుకుంటుంది, నానబెట్టడానికి బకెట్ నీళ్ళు చూపిస్తే చాలు. ఫోటోలు తీసేముందు తనని అడగండి.