గేరు పడకపోతే క్లచ్ సెట్టు మార్చడమొక్కటే మార్గమా?

డిండి వాగు:
నా దగ్గర పదకొండేళ్ల నాటి డీజిల్ జీపు ఉంది. ఫోర్ వీల్, ఐదు గేర్లు, హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) క్లచ్. ఇప్పటికి లక్షా నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది. దేవరకొండ దాటి చందంపేట గుట్టల వైపు ఉన్న మా పత్తి చేలకు ఎరువు బస్తాలు వేసుకొని వెళ్లడానికే దీన్ని ఉంచుకున్నాను. గత నెల వానల్లో రెండుసార్లు వాగు దాటి, ఆ తరువాత ఐదు రోజులు షెడ్డులో నిలిపి ఉంచాను. అప్పటి నుండి రివర్స్ వేస్తే గర్రుమని పళ్లు అరిగే చప్పుడు వస్తోంది, మొదటి గేరు పడేటప్పుడు బండి ఒక్క కుదుపు కుదుపుతోంది. దగ్గరలోని మెకానిక్ క్లచ్ సెట్టు, అంటే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మొత్తం మార్చాలని, కూలితో కలిపి పంతొమ్మిది వేలు అవుతుందని చెప్పాడు. కల్వకుర్తిలో చూసిన మరొకాయన మాత్రం గేర్ బాక్సు దించవద్దు, ముందు క్లచ్ ఆయిల్ సిలిండర్లు చూడమన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

హాలియా రోడ్డు:
మొదటి మెకానిక్ చెప్పిందే సరైనదని నా అభిప్రాయం. ఫోర్ వీల్ బండిలో గేర్ బాక్సుతో పాటు ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు వెనుక చక్రాలకు పంచే పెట్టె) కూడా కిందికి రావాలి, ముందు వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ విప్పాలి. ఇద్దరు మనుషులకు రోజంతా పట్టే పని అది. లక్ష దాటిన బండికి ఇవాళ సిలిండర్ కిట్, వచ్చే నెల బేరింగ్, ఆపై నెల ప్లేటు అంటూ వాయిదాల మీద ఖర్చు పెట్టడం కన్నా ఒకేసారి దించి అన్నీ మార్చి, క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రమైన ఫ్లైవీల్‌కు లేత్ మీద ఫేసింగ్ పట్టించుకోవడం మేలు. నేను ఆ పని వాయిదా వేసి, సాయంత్రం వేళ నల్లమల అడవిలోని మన్ననూరు ఘాటులో క్లచ్ పోగొట్టుకొని నిలబడ్డాను. రాత్రి 9 గంటలకు చెక్‌పోస్టు మూసేస్తారు. ఆ తరువాత అడవిలో బండిని లాగడానికి ఎవరు వస్తారు?

నకిరేకల్ పాతబండి:
హాలియా అన్నగారి అనుభవాన్ని తక్కువ చేయను గానీ, ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులు ఒకటిగా కలిసిపోతున్నాయి. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది: ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజన్ మోత పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు, కాలిన వాసన వస్తుంది. డిండి వాగు గారు చెబుతున్నది దానికి తిరగబడ్డ లక్షణం. పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేటు ఫ్లైవీల్ నుండి విడివడటం లేదు, అందుకే గేర్ బాక్సు లోపలి షాఫ్టు తిరుగుతూనే ఉంది. ముందుకు నడిపే గేర్లకు సింక్రో (వేగాలను సమం చేసే ఏర్పాటు) ఉంటుంది గనుక అది కొంత సర్దుకుంటుంది. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు గనుక మొదట అరిచేది అదే. అరిగిన ప్లేటు విడివడకపోవడానికి కారణం కావడం అరుదు.

కాబట్టి డబ్బు తీసేముందు మూడు పనులు చేయండి. ఇంజన్ ఆపి ఐదు గేర్లూ, రివర్సూ వేసి చూడండి. అప్పుడు కూడా బిగుసుకుంటే దోషం లీవర్ లింకేజీలోనో గేర్ బాక్సులోనో ఉంది, తేలికగా పడితే క్లచ్ విడివడటం లేదని అర్థం. తరువాత ఇంజన్ ఆన్ చేసి, పెడల్‌ను వెంటవెంటనే మూడుసార్లు తొక్కి, నాలుగోసారి నొక్కిపట్టి రివర్స్ వేయండి. ఒక్క తొక్కుకు అరిచిన గేరు ఇలా తొక్కినప్పుడు నిశ్శబ్దంగా పడితే, పైపులో గాలి చేరిందనో, సిలిండర్ రబ్బర్లు పట్టు వదిలాయనో దాదాపుగా తేల్చవచ్చు. ఎందుకంటే ప్రతి తొక్కుకూ పెడల్ దగ్గరి పై సిలిండర్ ఆయిల్ డబ్బాలోంచి మరికొంత ఆయిల్ తీసుకొని, గేర్ బాక్సు దగ్గరి కింది సిలిండర్‌ను ఇంకొంచెం ముందుకు నెడుతుంది. మూడోది, ఇంజన్ ఆపేసి బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు కిందికి దూరి కింది సిలిండర్ కడ్డీ ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో స్కేలుతో కొలవండి. ఆ కొలతను బండి మాన్యువల్‌తో పోల్చుకోవాలి.

హాలియా రోడ్డు:
పరీక్షలు బాగానే ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ విడివడకపోవడానికి లోపలి కారణాలు కూడా ఉన్నాయి కదా. వాగు నీళ్లు క్లచ్ చుట్టూ ఉండే బెల్ హౌసింగ్‌లోకి చేరి, బండి ఐదు రోజులు కదలకుండా ఉంటే, తుప్పు పట్టి ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కోవచ్చు, లేదా షాఫ్టు గాట్ల మీద జరగకుండా బిగుసుకోవచ్చు. క్రాంక్ చివర ఉండే చిన్న పైలట్ బేరింగ్ పట్టేసినా ఇదే లక్షణం. ఇవేవీ గేర్ బాక్సు దించకుండా బయటపడవు. ప్రశ్న అడిగినాయన వాగు సంగతి మొదటే చెప్పారు. దాన్ని మీరు పట్టించుకోలేదు.

నకిరేకల్ పాతబండి:
ఆ మాట న్యాయమైనదే, వాగును నేను తేలిగ్గా తీసుకున్నాను. అయినా అతుక్కున్న ప్లేటుకు ఎన్నిసార్లు తొక్కినా తేడా ఉండదు గనుక రెండో పరీక్ష ఇక్కడ కూడా పనికి వస్తుంది. కొన్ని బండ్లకు బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి నీళ్లు కారాయా, తుప్పు రంగు బురద వచ్చిందా అని కూడా చూడండి.

అచ్చంపేట డ్రైవరు:
నా దృష్టిలో సగం తప్పు నడిపేవారిదే. బస్తాలతో గుట్ట ఎక్కేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసును లో రేంజ్‌లో వేయకుండా, హై రేంజ్‌లోనే సగం క్లచ్ మీద ఎక్కిస్తుంటారు. లో వేస్తే చక్రాలకు చేరే బలం సుమారు రెండింతలు దాటుతుంది, వేగం ఆ మేరకు తగ్గుతుంది, క్లచ్ నుండి కాలు పూర్తిగా తీసేయవచ్చు. ఇంకొకటి, ఫోర్ వీల్ వేసి అలాగే తారు రోడ్డెక్కి మలుపులు తిరిగితే ముందు వెనుక షాఫ్టులు ఒకదానినొకటి మెలిపెట్టుకొని ఫోర్ వీల్ లీవర్ బయటికి రాదు. దాన్ని గేరు జబ్బు అనుకొని గ్యారేజీకి వచ్చినవారిని చూశాను. తిన్నగా పది అడుగులు వెనక్కి నడిపితే చాలు, అదే వదులుతుంది.

నకిరేకల్ పాతబండి:
మీరన్న ప్రతి మాటా నిజం, కానీ సగం క్లచ్ ప్లేటును కాలుస్తుంది; అప్పుడు బండి జారాలి. డిండి వాగు గారి బండి జారడం లేదు.

డిండి వాగు:
ఆదివారం మా తమ్ముడిని కూర్చోబెట్టి మూడూ చేశాను. ఇంజన్ ఆపితే అన్ని గేర్లూ రెండు వేళ్లతో పడ్డాయి. ఇంజన్ ఆన్‌లో మొదటి తొక్కుకు రివర్స్ గర్రుమంది, మూడుసార్లు తొక్కాక చప్పుడు లేకుండా పడింది. కింద కడ్డీ పదకొండు మిల్లీమీటర్లే కదిలింది. కింది సిలిండర్ మూతిమీది రబ్బరు టోపీని వేలితో లేపితే నల్లటి ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారింది. బయటికి మాత్రం తడి ఏమీ కనబడకపోవడం వల్ల ఇన్నాళ్లు ఎవరి కంటా పడలేదు. టోపీ లోపల ఎర్రమట్టి పేస్టులా పేరుకుపోయి ఉంది. కింది సిలిండర్ కొత్తది వేయించి, పాత ఆయిల్ అంతా తీసి డాట్ 3 బ్రేక్ ఆయిల్ పోయించి, గాలి తీయించాను. ఇప్పుడు కడ్డీ పదిహేడు మిల్లీమీటర్లు కదులుతోంది. ఖర్చు రెండు వేల లోపే అయింది.

అయితే హాలియా అన్నగారికి ఒక మాట చెప్పాలి. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మాత్రం, క్లచ్ తొక్కి మూడు సెకన్లు ఆగకుండా రివర్స్ వేస్తే ఇంకా చిన్నగా అరుస్తోంది.

హాలియా రోడ్డు:
అదే నా అనుమానం. పైలట్ బేరింగో, షాఫ్టు గాట్ల మీద తుప్పో ఇంకా మిగిలి ఉంది.

నకిరేకల్ పాతబండి:
లేదా చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ కాస్త వేగంగా తిరిగి, షాఫ్టు ఆగడానికి ఎక్కువ సమయం పడుతుండవచ్చు; అలాంటప్పుడు బండి వేడెక్కాక చప్పుడు పోతుంది. ఒక్క హెచ్చరిక: డబ్బాలో ఆయిల్ తగ్గితే ఇంజన్ ఆయిల్‌తో నింపకండి. ఖనిజ నూనె తగిలితే ఆ రబ్బర్లు ఉబ్బిపోతాయి, పై సిలిండర్ కూడా పోతుంది. బ్రేక్ ఆయిల్ బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

డిండి వాగు:
బండి వేడెక్కాక చప్పుడు ఉండటం లేదు. పత్తి ఏరడం అయ్యేవరకు గేర్ బాక్సు దించను. ఆయిల్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాను. పన్నెండు రోజులైంది, ఆయిల్ గీత దగ్గరే ఉంది.

హాలియా రోడ్డు:
ఆయిల్ గీత దిగకుండానే రివర్స్ మధ్యాహ్నం కూడా అరవడం మొదలుపెడితే మాత్రం, దించడానికి నేను మనిషిని వెంటబెట్టుకొని వస్తాను.